పొయ్యికీ బాయిలర్‌కీ నడుమ పత్తికట్టె

కరెంటు ప్లాంటులో పనిచేశానని చెబితే జనం నన్ను తీగల గురించి, మీటర్ల గురించి అడుగుతారు. ఇంట్లో ఫ్యాను తిరగకపోతే వచ్చి చూడమంటారు. నాకు ఫ్యాను విప్పడం రాదు. నా ఉద్యోగమంతా పుల్లల మధ్య గడిచింది. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ పత్తికట్టె, వేరుశనగ పొట్టు, వరి ఊక కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంటు ఒకటి ఉండేది. అందులో కట్టెల యార్డు నా చేతిలో ఉండేది. అంతకుముందు ఆదోనిలో ఒక నూనె మిల్లు బాయిలర్ దగ్గర పనిచేశాను. అక్కడే బాయిలర్ పరీక్ష రాసి పాసయ్యాను.

ఈ లైనులోకి పోయే పిల్లలకు పనికొచ్చేదేమైనా రాయమని మా చర్చి సంఘంలో కొందరు అడిగారు. సరేనని కూర్చున్నాను. తీరా కూర్చుంటే తెలిసిన సంగతులకన్నా తెలియని సంగతులే ముందుకొచ్చాయి. ఏ హోదాలో చేరాను, ఏ హోదాలో దిగిపోయాను, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, ఇవన్నీ వదిలేస్తున్నాను. అవి ఎవరికీ ఏమీ నేర్పవు.

నేను సంఘ పెద్దను. చిన్నప్పటినుంచీ వాక్యం వింటూ, నలుగురికీ చదివి వినిపిస్తూ పెరిగినవాణ్ణి. యజమాని పనిని కూడా దేవుని పనిలాగే చేయాలని మా నాన్న నేర్పాడు. అలాగే చేశాను. ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం వచ్చిన కాలం మాత్రం ఒకటుంది. దాని గురించే ఎక్కువ రాస్తాను.

నిప్పు అడిగేది

మొదట పని సంగతి. బాయిలర్ అంటే పెద్ద పొయ్యి. పొయ్యిలో మంట, మంట మీద నీళ్ళు తిరిగే గొట్టాలు, ఆ నీటి ఆవిరితో టర్బైన్, టర్బైన్‌తో కరెంటు. ఇంతే. బళ్ళో అయితే ఒక బొమ్మ గీసి చెప్పేస్తారు. ఆ బొమ్మలో లేనిది కట్టె.

బొగ్గు ఎప్పుడూ బొగ్గే. పత్తికట్టె అలా కాదు. ఈ చేను కట్టె ఒక రకం, పక్క చేను కట్టె ఇంకో రకం. పైకి ఎండినట్టే ఉంటుంది, విరిస్తే లోపల పచ్చి. నార ఎక్కువ కాబట్టి ముక్కలు కొట్టినా లోపలికి నెట్టే ఫీడర్ స్క్రూకు జడలాగా చుట్టుకుంటుంది. అప్పుడు మంట తగ్గిపోతుంది, ఆవిరి పడిపోతుంది, టర్బైన్ ఆపరేటర్ ఫోన్ చేసి నన్ను తిడతాడు. కట్టె వేళ్ళకు అంటుకున్న మట్టి నిప్పులో కరిగి బెల్లం ముద్దలా గడ్డకడుతుంది. దాన్ని క్లింకర్ అంటాం. చల్లారాక గడ్డపారతో కొట్టి తీయాలి. ఊకలో ఇసుక ఉంటే గొట్టాలు అరిగిపోతాయి. గొట్టం చిల్లు పడితే ప్లాంటంతా ఆగాలి.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. బాయిలర్ దగ్గరికి పోయే ముందు యార్డులోకి పోయి కట్టెను చేత్తో పట్టుకుని విరిచి చూడండి. శబ్దం వినండి. నాకు ఇది నేర్పింది నూనె మిల్లులో పాత ఫైర్‌మన్. ఆయన నమాజు చేసుకునే మనిషి, నేను ప్రార్థన చేసుకునే మనిషిని. నిప్పు వేసే ముందు ఇద్దరం చెరో వైపు తిరిగి నోట్లోనే ఏదో అనుకునేవాళ్ళం. తర్వాత ప్లాంటులో మా మేనేజర్ శేషగిరి గారు ఏటా ఆయుధపూజకు బాయిలర్ తలుపు ముందు కొబ్బరికాయ కొట్టేవారు. నేను ఒక పక్కన నిలబడి కళ్ళు మూసుకునేవాణ్ణి. "జయరాజు గారూ, మీ ప్రభువుకు కూడా ఒక మాట చెప్పండి, ట్యూబులు ఆయనే కాపాడాలి" అనేవారు. వెటకారంగా అన్న మాట కాదది. ఆయన కోస్తా మనిషి, మాట మెత్తన, లెక్క గట్టి.

పీకినోళ్ళదే కట్టె

మా వైపు ఒక పద్ధతి ఉండేది. పత్తి ఆఖరి ఏరివేత అయిపోయాక చేలో మోళ్ళు మిగులుతాయి. రైతుకు చేను ఖాళీ కావాలి. కూలి ఆడవాళ్ళకు పొయ్యికి కట్టె కావాలి. వాళ్ళు పీకి, వేళ్ళ మట్టి నేలకేసి కొట్టి దులిపి, మోపులు కట్టుకుని పోయేవాళ్ళు. కూలి డబ్బు ఇచ్చేది లేదు, కట్టెకు డబ్బు అడిగేది లేదు. పీకినోళ్ళదే కట్టె. మా అమ్మ కూడా అలా మోసుకొచ్చిన కట్టె మీదే మాకు సంగటి వండింది.

మా సంఘంలో మార్తమ్మ అని ఒకామె ఉంది. భర్త ఆదోని పత్తి యార్డులో హమాలీ చేసేవాడు, చాలా ముందే పోయాడు. ఆమె జొన్నరొట్టెలు చేసి అమ్ముకుని ఇద్దరు ఆడపిల్లలను చదివించుకుంటోంది. మధ్యాహ్నానికి గంపలో తెల్లగుడ్డ పరిచి, రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఏదో ఒక ఆకు పప్పు పెట్టుకుని మా ప్లాంటు గేటు దగ్గరికి వచ్చేది. మా కూలీలు, ఆపరేటర్లు, లారీ డ్రైవర్లు అందరూ ఆమె రొట్టెలే తినేవాళ్ళు. ఆమె తమ్ముడు ఏలియా మా దగ్గరే బూడిద తోసే పనిలో ఉండేవాడు.

ఆమె పొయ్యికి ఒక్క చేను కట్టె చాలదు. అందుకని ఊళ్ళో మిగతా ఆడవాళ్ళ దగ్గర మిగిలిన మోపులు తీసుకుని బదులుగా రొట్టెలు ఇచ్చేది. జొన్నరొట్టెకు మొదట చురుకైన మంట కావాలి, తర్వాత నిప్పుల సెగ కావాలి. పత్తికట్టె ఆ రెండూ ఇస్తుంది. ఆ కట్టె ఉన్నంతకాలం ఆమె వ్యాపారం ఉంది, వ్యాపారం ఉన్నంతకాలం పిల్లల చదువు ఉంది. ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

అదే కట్టెతో మా ప్లాంటు కూడా నడుస్తోంది. ప్లాంటు పెట్టేటప్పుడు ఆ పెద్ద కాగితాల్లో ఎక్కడో 'వృథా అవుతున్న పంట వ్యర్థాలు' అని రాసి ఉంటుంది. మా వైపు ఏ పుల్ల వృథా అయిందో నాకు తెలియదు.

ఉరుకుందప్ప చేలో

మొదటి ఏళ్ళలో పొట్టు, ఊక బాగా దొరికాయి. కట్టె అవసరం అంతగా పడలేదు. తర్వాత పొట్టుకు ఇటుక బట్టీలవాళ్ళు పోటీకొచ్చారు. ఊక మిల్లులవాళ్ళే సొంతానికి కాల్చుకోవడం మొదలుపెట్టారు. మాకు మిగిలింది పత్తికట్టె. కంట్రాక్టర్ ఊరూరా తిరిగి రైతులతో మాట్లాడి, కట్టెను తూకానికి కొనడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది కట్టె ఆరిందో లేదో చూడడానికి నేను కంట్రాక్టర్ ట్రాక్టర్‌లో ఉరుకుందప్ప చేనికి పోయాను. ఉరుకుందప్ప నెమ్మదైన రైతు. అప్పటికే మార్తమ్మ, ఇంకా కొందరు ఆడవాళ్ళు చేలోకి దిగి ఉన్నారు.

"ఈసారి కట్టె ప్లాంటోళ్ళకు మాట్లాడినా మార్తమ్మా. పీకండి, కూలి ఇస్తా" అంటున్నాడు ఆయన.

"మాట్లాడితే మాట్లాడినావులే పెద్దయ్యా. మేము పీకుతాము, మా మోపులు మేము ఎత్తుకపోతాము. ఎప్పట్నుంచో అట్లనే గదా."

"ఎప్పట్నుంచో దీనికి ఎవురూ దుడ్డు ఇయ్యలేదు. ఇప్పుడు ఇస్తాండారు. నేనేం సేయాల?"

"కూలి దుడ్డు పొయ్యిలో పెట్టి రొట్టె కాల్సల్లా నేను?"

ఆడవాళ్ళు నవ్వారు. ఉరుకుందప్పకు కూడా నవ్వొచ్చింది. అంతలో ఆయన నన్ను చూశాడు.

"ఇదో, మీ సంఘం పెద్దాయనే వచ్చినాడు. ఆయన్నే అడుగు. కొనేది ఆయప్పే గదా."

మార్తమ్మ చేతిలో ఉన్న మోడు కింద పడేసి నా వైపు చూసింది.

"నువ్వేనా అన్నా కొనేది?"

"నేను కాదు మార్తమ్మా, ప్లాంటు."

"ప్లాంటుకు నోరుండాదా? ఆదివారం వాక్యం సదివేది నువ్వే, ఈడ కట్టె ఇరిసి సూసేది నువ్వే. ఇంగెవుర్ని అడగాల?"

నేను వంగి ఒక మోడు తీసి విరిచాను. బాగా ఆరింది. కొనొచ్చని కంట్రాక్టర్‌తో చెప్పాను. ఆ రోజు నేను అక్కడ చేయాల్సిన పని అదే. దానికి నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. అయితే సరైన పని చేశానని కూడా అనుకోలేకపోతున్నాను.

భోజనాల దగ్గర విచారణ

కరెంటు ఎందుకు సరిగ్గా రాదు, ప్లాంట్లు ఎందుకు మూతపడతాయి అని పేపర్లలో పెద్దవాళ్ళు రాస్తారు. మా ప్లాంటులో ఆ చర్చ రోజూ మధ్యాహ్నం గేటు బయట నీడలో, చేతిలో రొట్టెతో జరిగేది. ఏ విభాగంవాడు ఆ విభాగాన్ని తప్ప మిగతా అన్నిటినీ తప్పుపట్టేవాడు.

"లైనే సరిగా లేదప్పా. ఇంత ఆవిరి తీసి కరెంటు తయారుచేసినాక, బయట లైను ట్రిప్ అయితే ఎవురికిస్తావు? గాలికా?" అనేవాడు ఎలక్ట్రీషియన్ తిక్కయ్య.

"మీ లైను సంగతి తర్వాత. ముందు ఆ మట్టి కట్టె ఆపించు. నా నడుములు పోతాండాయి క్లింకర్ కొట్టలేక" అనేవాడు ఏలియా.

"నీ నడుములు కట్టెతో పోలేదు, నీ కొత్త పెళ్ళాంతో పోయినాయి" అనేవాడు తిక్కయ్య. మార్తమ్మ గరిటె ఎత్తేది.

లారీ డ్రైవర్ ఒకతను, "మీరు అమ్మే కరెంటు ధర పైన ఎవురో ఏనాడో రాసిపెట్టినారు. కట్టె ధర మాత్రం దినామూ పెరుగుతాంది. ఎట్ల నడుస్తాదన్నా ఇది?" అనేవాడు.

నేను ప్రతి ఒక్కరి మాటా వినేవాణ్ణి. ప్రతి మాటా నిజమే అనిపించేది. అన్నీ కలిపితే మాత్రం ఏదీ తేలేది కాదు. రాష్ట్రంలో కరెంటు కొరత ఉందంటారు. మరి గాలి బాగా వీచే నెలల్లో గాలిమరల కరెంటు ఎక్కువైందని మమ్మల్ని మంట తగ్గించమంటారు. బాయిలర్ మంట తగ్గించడం దీపం వత్తి తగ్గించినట్టు కాదు. తగ్గించి పెంచినప్పుడల్లా గొట్టాలు దెబ్బతింటాయి. ఆ సంగతి పైనున్నవాళ్ళకు తెలియదా, తెలిసినా వేరే దారి లేదా, నాకు అర్థం కాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని తీర్పు చెప్పడానికి కూడా నాకు నోరు రాదు. వాళ్ళ గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు.

మెల్లగా రొట్టెలు పలచనయ్యాయి. మార్తమ్మ కట్టె కొనుక్కోలేక కంప, పిడకలు, దొరికినదల్లా కలిపి కాలుస్తోంది. సగం కాలినవి, మాడినవి వస్తున్నాయి.

"అక్కా, ఈ రొట్టెను కంటికి అడ్డం పెట్టుకుంటే ఆదోని కొండ కనబడతాంది" అన్నాడు తిక్కయ్య.

"కనబడేది కొండ గాదు నాయనా. నా కట్టె మీ యార్డులో పడుండేది కనబడతాంది" అంది ఆమె.



అంచులు

ఆ వారం మా పాస్టర్ అయ్యగారు, పొలం కోసేటప్పుడు అంచులు బీదలకు వదిలిపెట్టాలన్న ఆజ్ఞ మీద ప్రసంగించారు. ఆయనకు కట్టె గొడవ తెలుసో తెలియదో నాకు తెలియదు. నాకు మాత్రం దేవుడే నన్ను పేరుపెట్టి పిలిచినట్టయింది. ఆరాధన అయ్యాక మార్తమ్మ చెప్పులు వెతుక్కుంటూ, "ఇన్నావు గదా అన్నా" అని ఒక్క మాట అని పోయింది.

సోమవారం శేషగిరి గారి గదికి పోయాను. చేను చుట్టూ అంచు సాళ్ళ కట్టెను పీకిన ఆడవాళ్ళకు వదిలేసేలా కంట్రాక్టర్‌కు చెప్పమని అడిగాను.

"మీ పాస్టర్ గారి ప్రసంగానికి నేను పర్చేజ్ ఆర్డర్ ఇవ్వాలా ఏంటండీ?" అన్నారు ఆయన.

"అంచులే గదా సార్."

"అంచులే అనుకోండి. ఊరికి ఎన్ని అంచులుంటాయో ఆలోచించారా?" అని పెన్ను టేబుల్ మీద పెట్టారు. "సరేనండీ. ఊళ్ళవాళ్ళు మన ట్రాక్టర్లను ఆపుతున్నారు, అది కూడా తగ్గుతుంది. చెప్తాను."

ఉరుకుందప్ప కూడా ఒప్పుకున్నాడు. "అంచులదేముందిలే, ఆ కట్టెకు మట్టి ఎక్కువ" అన్నాడు. నేను ఆ సాయంత్రం మోకాళ్ళూని చాలాసేపు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. వాక్యం బాయిలర్ దాకా వచ్చిందని నా సంతోషం.

ఆ సంతోషం ఆ సీజన్‌లోనే పోయింది. ఒకరోజు పొద్దున గేటు దగ్గర ఆటోలు వరుసగా నిలబడ్డాయి. వాటి మీద కట్టె మోపులు, మోపుల మీద మా ఊరి ఆడవాళ్ళు. అంచుల కట్టె అమ్మడానికి తెచ్చారు. బాగా దులిపి, ఎండబెట్టి, చక్కగా కట్టిన మోపులు. కంట్రాక్టర్ తెచ్చిన కట్టెకన్నా చాలా మేలు. మా బాయిలర్‌వాళ్ళు సంబరపడ్డారు.

"ఇది మీ పొయ్యిలకు గదా వదిలింది" అన్నాను వాళ్ళలో ఒకామెతో.

"మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉండాది అయ్యా, సిలిండరుకు దుడ్డు లేక కట్టె పొయ్యి ఎలిగిస్తాండాము. ఇది అమ్మి అది తెచ్చుకుంటాము. తప్పా?"

తప్పు ఎలా అవుతుంది? అంచు బీదలది. బీదలు దాన్ని ఏం చేసుకోవాలో వాక్యంలో ఎక్కడా రాయలేదు. తూకం వేయించాను.

నష్టపోయింది మార్తమ్మ ఒక్కతే. తన వాటా అంచు కట్టె ఆమెకు కొన్ని వారాలకే సరిపోయింది. ఇదివరకు రొట్టెలకు బదులుగా మోపులు ఇచ్చే ఆడవాళ్ళు ఇప్పుడు ప్లాంటుకు అమ్ముతున్నారు. గేటు దగ్గర ఆమె నాతో గొంతు పెంచకుండానే మాట్లాడింది.

"నీ వాక్యం వాళ్ళకు యాపారం ఇచ్చింది అన్నా. మంచిదే, వాళ్ళూ ఆకలోళ్ళే. నాకు మాత్రం పొయ్యి ఆర్పింది."

"ప్లాంటు లోపల క్యాంటీన్ పెట్టుకుని మా కట్టెతోనే వండుకో, నేను సారును అడుగుతాను" అన్నాను. అడిగాను కూడా. కట్టెల యార్డు ఉన్న ఆవరణలో పొయ్యి వెలిగించకూడదని శేషగిరి గారు చెప్పారు. ఆ మాట నిజం. ఒక్క నిప్పురవ్వ చాలు, యార్డంతా పోతుంది, ఏలియాలాంటి వాళ్ళందరి పని పోతుంది. ఆ నిబంధనను కొత్తవాళ్ళకు నేర్పేది నేనే. నేనే వెళ్ళి ఆ నిబంధనను సడలించమని అడిగాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం చూసి నాకు సిగ్గేసింది.

మరి గేటు దాటించి నాలుగు మోపులు ఇవ్వొచ్చు కదా అని ఏలియా నన్ను అడిగాడు. "ఎవురు సూస్తాండారన్నా?" అన్నాడు.

"చూసేవాడు చూస్తూనే ఉన్నాడురా" అన్నాను.

"ఆయనకు మా అక్క పొయ్యి గూడా కనబడతాంటాది గదా" అన్నాడు.

మోపులు మాత్రం ఇవ్వలేదు.

రెండు ప్రార్థనలు

ఇంతలో ప్లాంటు మీద పుకార్లు మొదలయ్యాయి. కట్టె ధర మరీ పెరిగింది. గొట్టాలు వరుసగా చిల్లులు పడ్డాయి. ఒక ఆదివారం ప్రార్థన విన్నపాలు అడిగేటప్పుడు ఏలియా లేచి, ప్లాంటు ఆగకుండా నడిచేట్టు ప్రార్థించమన్నాడు. అతను కూర్చున్న వెంటనే ఆడవాళ్ళ వైపు నుంచి మార్తమ్మ లేచింది.

"కట్టె మళ్ళీ మా సేన్లలో మాకు దొరికేట్టు ప్రార్థన సేయండి" అంది.

అక్క, తమ్ముడు ఒకరినొకరు చూసుకోలేదు. అయ్యగారు ప్రార్థించమని నాకు చెప్పారు. నేను ఎన్నో ఏళ్ళుగా సంఘంలో ప్రార్థిస్తున్నాను. మాటలకు ఎప్పుడూ తడుముకోలేదు. ఆ రోజు మైకు పట్టుకుని నిలబడ్డాను. ఒకటి నెరవేరితే రెండోది నెరవేరదు. ఎవరి పక్షాన అడగాలి? చివరికి, "ప్రభువా, మా అవసరం నీకు తెలుసు" అని, ఆమేన్ చెప్పి కూర్చున్నాను. అంత చిన్న ప్రార్థన నేను ఎప్పుడూ చేయలేదని నా భార్య ఇంటికి పోయాక అంది.

ఆ తర్వాత కొద్ది నెలలకే ప్లాంటు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ మాకు సూటిగా చెప్పలేదు. తిక్కయ్య లైను వల్ల అన్నాడు. ఏలియా మట్టి వల్ల అన్నాడు. డ్రైవర్ ధర వల్ల అన్నాడు. శేషగిరి గారు మమ్మల్ని పిలిచి, "ఆపమన్నారండీ" అన్నారు. ఎవరు ఆపమన్నారో ఆయన చెప్పలేదు, ఆయనకైనా పూర్తిగా తెలుసో లేదో. చివరిసారి ఫీడర్ ఆపి, పొయ్యి అడుగున కట్టె కాలే ఇనుప జల్లెడ, అదే గ్రేటు, దాని మీద మిగిలిన నిప్పు దానంతటదే ఆరిపోయేదాకా చూశాము. వేడి తగ్గేకొద్దీ గొట్టాలు టిక్కు టిక్కుమని శబ్దం చేశాయి. ఇంత పెద్ద యంత్రం అంత చిన్న శబ్దంతో చల్లబడుతుందని నేను అనుకోలేదు.

ఏలియా భార్యను తీసుకుని బెంగళూరు కట్టడం పనులకు పోయాడు. కూలి ఆడవాళ్ళు సుగ్గికని, అంటే కోతల కాలం వలసకని, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. నేను కొన్నాళ్ళు ఖాళీ యార్డుకు కాపలా ఉండి, ఆ తర్వాత ఇంటికొచ్చేశాను.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు నేను ఇవ్వగలిగిన తీర్పు ఏదైనా ఉంటే ఇదొకటి. మన దేశంలో కరెంటు కష్టాలకు కారణం ఒక్కటే అని ఎవరైనా చెబితే, అతను ఒక్క గదిలోనే పనిచేశాడని అర్థం చేసుకోండి. ఇంకొకటి. ఏ ఇంధనాన్నైనా 'వ్యర్థం' అని ఎవరైనా పిలిస్తే, నిన్నటిదాకా అది ఎవరి ఇంట్లో ఉండేదో వెళ్ళి కనుక్కోండి. కనుక్కున్నాక ఏం చేయాలో మాత్రం నన్ను అడగకండి. నేను కనుక్కున్నాను. చేసింది కూడా చెప్పాను.

మార్తమ్మ పొయ్యి

ఆ మరుసటి సీజన్‌లో ఉరుకుందప్ప స్వయంగా మార్తమ్మ ఇంటికి పోయాడట. "కొనేవాళ్ళు లేరు తల్లీ, సేను ఖాళీ సేయాల, ఎంత కావాలంటే అంత ఎత్తుకపో" అన్నాడట. ఆమె ఇంటి ముందు కట్టె ఇంటి కప్పంత ఎత్తు పేరింది. మా అందరికీ ఆమె ప్రార్థనే నెరవేరినట్టు కనిపించింది. రొట్టెలు మాత్రం కొనేవాళ్ళు లేరు. గేటు మూసి ఉంది. తినేవాళ్ళు బెంగళూరులో ఉన్నారు. పెద్దపిల్ల చదువు ఆగిపోతుందేమోనన్న భయం ఆమె సంఘంలో ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు మాత్రం చెప్పింది.

ఈ మధ్య పత్తికొండ వైపు ఒక బంధువు ఇంటికి పోతూ, దారిలో సోలార్ పలకలు బిగిస్తున్న చోట బస్సు ఆగితే కిటికీలోంచి చూశాను. రేకుల షెడ్డు పక్కన పొయ్యి దగ్గర, పని వెతుక్కుంటూ ఊరు విడిచిపోయిన మార్తమ్మ కూర్చుని ఉంది. వెంటనే దిగిపోయాను. పలకలు బిగించే పని చేసేవాళ్ళంతా ఉత్తరాది పిల్లలు. జొన్నరొట్టె వాళ్ళకు పడదు. ఆమె గోధుమపిండి పిసుకుతోంది. పక్కన ట్రాక్టర్‌లో తెచ్చుకున్న పత్తికట్టె ఉంది.

"కూర్సో అన్నా" అని ఒక బకెట్టు బోర్లించి ఇచ్చింది. "ఈ పిల్లోళ్ళు మంచోళ్ళే. మాటే అర్థం గాదు. 'రోటీ' అంటారు, 'ఔర్' అంటారు. ఆ రెండు మాటలు వస్తే సాలు నాకు."

"పెద్దది చదువుతోందా?"

"సదువుతాంది. నర్సు కోర్సు."

"దేవునికి స్తోత్రం" అన్నాను.

ఆమె రొట్టె తిరగేసింది. మంట చురుగ్గా ఉంది. షెడ్డు వెనక నల్లటి పలకలు చేను మీద చేనుగా, కంటికి ఆననంత దూరం పరిచి ఉన్నాయి. ఇదివరకు అక్కడ ఆముదం, కొర్ర వేసేవాళ్ళు. మేకలు మేసేవి. ఆమె అటు చూపించి అడిగింది.

"నువ్వు కరెంటు పని సేసినోడివి గదా, ఒక మాట సెప్పు. ఇది ఎండతో తీస్తారంట గదా. రేపు ఈ ఎండ గూడా కొంటారా? మా సిన్నది మిరపకాయలు ఆరేసిందని మొన్న వాచ్‌మన్ వచ్చి తీసేయమన్నాడు."

"అది వాళ్ళ స్థలమని తీయమని ఉంటాడు. ఎండనెవరూ కొనలేరు మార్తమ్మా. ఎండ దేవునిది" అన్నాను.

ఆమె పొయ్యిలోకి ఇంకో మోడు తోసింది.

"కట్టె ఎవురిది అనుకున్నాము అన్నా అప్పుడు?"

నా బస్సు ఎప్పుడో పోయింది. ఆ పిల్లలు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని వచ్చి వరుసగా కూర్చుంటున్నారు. ఆమె నా ముందు కూడా ఒక పళ్ళెం పెట్టి, రొట్టె వేసి, ఇంకొకటి కాల్చడానికి పెనం వైపు తిరిగింది.